ఆయమ్మ బకెట్టు చప్పుడు

ఆ వానాకాలం మా బడిలో పెన్సిళ్ళు మాయమవడం మొదలైంది నా వల్లే. నేను తీశానని కాదు. నేను చేసిందల్లా పిల్లలకి మంచి నేర్పడం. మంచి నేర్పితే పెన్సిళ్ళు ఎందుకు పోతాయో, పోయినవి వెంటనే ఎలా దొరుకుతాయో, నిజంగా దొరకాల్సింది మాత్రం ఎందుకు దొరకదో ఇప్పటికీ నాకు పూర్తిగా బోధపడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

ట్రైనింగ్ అయిపోయి మూడు నెలలు కాలేదు. మూడో తరగతికి తాత్కాలిక టీచరుగా చేరాను. ఏ బడిలో అంటే, మా అమ్మ ఇరవై రెండేళ్ళుగా ఆయాగా చేస్తున్న బడిలో, నేను ఒకటి నుంచి ఐదు దాకా చదువుకున్న బడిలో. ఊడ్చేది అమ్మే, గంట కొట్టేది అమ్మే, మంచినీళ్ళ డ్రమ్ము నింపేది అమ్మే, సాయంత్రం నాలుగింటికి బడి టపా తీసుకెళ్ళి వీధి చివర డబ్బాలో వేసేదీ అమ్మే. పిల్లలూ టీచర్లూ అందరూ ఆమెని ఆయమ్మా అనే పిలుస్తారు. మరి నేనేమని పిలవాలి? అమ్మా అంటే పిల్లలు కిసుక్కుమంటారేమోనని భయం. ఆయమ్మా అనడానికి నోరు రాదు. అందుకని బడిలో ఉన్నంతసేపూ ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. పనుంటే దగ్గరికెళ్ళి దగ్గేదాన్ని. అమ్మకి మాత్రం ఆ ఇబ్బందేమీ లేదు. ఇంట్లో "ఏమే, లేస్తావా, నీళ్ళు కుమ్మరించమంటావా?" అన్న మనిషే గేటు దాటగానే "టీచర్ గారూ, చాక్‌పీసులు సరిపోయాయా అండీ?" అనేది. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు.

అమ్మ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆమె ఎక్కడికెళ్ళినా ఆమెకంటే ముందు ఆమె బకెట్టు చప్పుడు వెళ్తుంది. గోడకి ఠంగ్, మెట్టుకి ఠంగ్, స్తంభానికి ఠంగ్. "ఆయమ్మ వస్తుంటే రైలొస్తున్నట్టే, పట్టాల మీదున్న వాళ్ళు తప్పుకోవచ్చు" అనేవారు డ్రిల్లు మాస్టారు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల సిగ్గుగా ఉండేది. ఇరవై రెండేళ్ళు మోసినా ఈవిడకి బకెట్టు పట్టుకోవడం రాలేదేంటి అనుకునేదాన్ని.

బడి తెరిచిన రెండో వారానికే వాన పట్టుకుంది. ఆటస్థలమంతా బురద. నూట అరవై మంది పిల్లలు వరండాలోనే తినాలి, అక్కడే ఆడాలి, అక్కడే కొట్టుకోవాలి. ఒకడు ఇంకొకడి చెయ్యి కొరికాడు. ఒకమ్మాయి జడ రిబ్బన్లు కిటికీ ఊచకి ముడేశారు, లేవబోయి కెవ్వుమంది. నాలుగో తరగతి గోడ మీద ఎవరో నాలుగో తరగతి టీచర్ గారి బొమ్మ గీశారు, బాగానే గీశారు, కాకపోతే కొమ్ములు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ ఏడే బదిలీ మీద వచ్చారు. సన్నగా, నెమ్మదిగా, చీర మడత చెదరకుండా ఉండే మనిషి. స్టాఫందరినీ కూర్చోబెట్టి అన్నారు.

"అరిచి ఎన్నాళ్ళని ఆపుతాం? గేటు దాటి లోపలికి రాగానే ఇక్కడ ఇలా ఉండాలి కాబోలు అని పిల్లలకే అనిపించాలి. పెద్దవాళ్ళం, పిల్లలం కలిసి నమ్మే విలువలు ఓ నాలుగైనా ఉండాలి. గోడ మీద రాసుకోవడం కాదు నేను చెప్పేది. గాల్లో ఉండాలి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. "మేడమ్! నేను చేస్తాను మేడమ్! ట్రైనింగ్‌లో నా ప్రాజెక్టు ఇదే. ఫైలు కూడా ఉంది!"

"ఫైలే ఉంటే ఇంకేం కావాలి" అన్నారు డ్రిల్లు మాస్టారు. "ఆ గాలి కూడా అందులోనే పెట్టి ఉంచారేమో చూడండి టీచరమ్మా."

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆదివారమంతా కూర్చుని ఆఫీసు గది పక్క గోడ మీద ఒక పెద్ద చెట్టు వేశాను. మాను, కొమ్మలు, అంతే. ఒక్క ఆకు లేదు. నాలుగు కొమ్మల మీద నాలుగు మాటలు రాశాను: నిజాయితీ, పంచుకోవడం, గౌరవం, సాయం. ఎవరైనా మంచి పని చేస్తే వాళ్ళ పేరు రాసిన ఆకు ఆ కొమ్మకి అంటిస్తాం. వానాకాలం అయ్యేసరికి చెట్టు నిండా ఆకులు. ఎంత బాగుంటుందో ఊహించుకుంటుంటేనే నాకు ఒళ్ళు పులకరించింది.

ఆకులు కత్తిరించింది మా నాన్న. నాన్న దర్జీ. మా రెండు గదుల్లో ముందు గది ఆయన కుట్టు మిషనుదే. ఎవరివో లంగాల్లో మిగిలిన ఆకుపచ్చ పీలికలన్నీ పోగేసి, "చిగురాకులు కావాలా, ముదురాకులు కావాలా?" అని అడిగి మరీ రెండొందలు కత్తిరించారు.

అమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. "మంచి పని చేస్తే ఆకు ఇస్తారా?" అంది.

"అవునమ్మా. అందరి ముందూ పేరు చదివి మరీ ఇస్తాం."

"మరి ఎవరికీ తెలియకుండా చేస్తేనో?"

"తెలియకపోతే ఎలా ఇస్తామే అమ్మా?"

"ఆఁ, అదీ నిజమేలే" అంది, నూనె సీసా మూత బిగిస్తూ.

మొదటి వారం పండగలా ఉందంటే నమ్మండి. పిల్లలు బెంచీలు తుడుస్తున్నారు, నాకు కుర్చీ లాగుతున్నారు, నేను తుమ్మితే నలుగురు మంచినీళ్ళు తెస్తున్నారు. రెండో వారం నుంచి ఎక్కడో ఏదో తేడా కొట్టింది. పొద్దున్న ఒకడి పెన్సిలు పోతుంది, మధ్యాహ్నానికి ఇంకొకడు తెచ్చిస్తాడు, "టీచర్, నాకు దొరికింది, నిజాయితీ!" అని. ఒక్కరోజులో పదకొండు పెన్సిళ్ళు పోయాయి, పదకొండూ దొరికాయి.

నా తరగతిలో ఒకమ్మాయి ఉంది. రోజుకి వంద ప్రశ్నలు వేస్తుంది కాబట్టి స్టాఫందరం ప్రశ్నలమ్మ అంటాం. ఇంకొకడు గుండీ. చొక్కాకి పై నుంచి రెండో గుండీ ఎప్పుడూ ఉండదు. ఓ మధ్యాహ్నం ప్రశ్నలమ్మ గుండీని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వాడి మోకాళ్ళ దాకా బురద.

"టీచర్, వీడు పడితే నేను లేపాను. సాయం. ఆకు ఇవ్వండి."

"తోసింది కూడా ఇదే టీచర్" అన్నాడు గుండీ.

"తోయకపోతే నువ్వు పడతావా? పడకపోతే నేనెలా లేపాలి?"

"నువ్వు తోశావా వీణ్ణి?" అన్నాను.

"వాడికి చెప్పే తోశాను టీచర్. ఇవాళ వాణ్ణి, రేపు నన్ను. సమానంగా. ఇది పంచుకోవడం కొమ్మకి కూడా వస్తుందా టీచర్?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం చెప్పలేదు కదా. సాయమైతే జరిగింది కదా. పోనీ ఇవ్వకపోతే చేసిన సాయానికి విలువ లేదన్నట్టు కాదూ? తికమక పడిపడి చివరికి ఆకు ఇచ్చేశాను. మర్నాటికి నా తరగతిలో సగం మంది మోకాళ్ళకి బురద.

దీన్ని సరిచేయాలంటే ఏదో ఒకటి గట్టిగా చేయాలి అనుకుంటుండగా నా కళ్ళు అమ్మ అర మీద పడ్డాయి.

నీళ్ళ కుళాయిలు దాటాక గోడ మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వెనక చీపుర్ల గది, దాని పక్కన మూడు చెక్కల పాత అర, దానికి గోధుమరంగు తెర. నా చిన్నప్పటి నుంచీ ఉందది. పారేసుకున్న వస్తువులు అందులో ఉంటాయి. పిల్లలు వెళ్ళి వెతుక్కుని తెచ్చుకుంటారు. ఇంత మంచి వస్తువు, నిజాయితీ అంటే ఇదే కదా, దీన్ని ఆ చీకటి మూల దాచిపెట్టడమేంటి! ఇద్దరు పిల్లల్ని పిలిచి మోయించేశాను. ఆఫీసు గది కిటికీకి ఎదురుగా, చెట్టు బొమ్మ పక్కన పెట్టించాను. తెర పీకేశాను. 'నిజాయితీ అర' అని అట్ట మీద రంగురంగులుగా రాసి తగిలించాను. దారంతో ఒక నోటుబుక్కు కట్టాను: పేరు, వస్తువు, ఎక్కడ దొరికింది. ఇక దొంగ ఆకులు ఉండవు, అన్నీ లెక్కగా ఉంటాయి.

అమ్మ బకెట్టుతో వచ్చి ఆగిపోయింది. చుట్టూ పిల్లలున్నారు.

"అది అక్కడే ఉంటే బాగుంటుందేమో టీచర్ గారూ" అంది.

"అక్కడ ఎవరికీ కనపడట్లేదండీ" అన్నాను. మా అమ్మని అండీ అన్నాను నేను.

"అందుకే..." అంది. ఇంతలో గోడ గడియారం చూసి, "అయ్యో, గంట టైమైంది" అంటూ వెళ్ళిపోయింది. అందుకే ఏంటమ్మా అని నేను సాయంత్రం ఇంట్లోనైనా అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే! తెర మాత్రం అమ్మ మడతపెట్టి తీసుకెళ్ళింది.

ఆ వారం నిజాయితీ అరలోకి ముప్ఫై తొమ్మిది పెన్సిళ్ళు, రెండు రబ్బర్లు వచ్చాయి. నోటుబుక్కులో పేర్లన్నీ ముత్యాల్లాంటి దస్తూరీలో. కానీ రెండో తరగతి పిల్లాడి కొత్త టోపీ, ఒకమ్మాయి పూసల గొలుసు, ఇంకొకరి రంగుల డబ్బా, పోయినవి పోయినట్టే ఉండిపోయాయి. "ఇదివరకు ఇలా ఉండేది కాదే, రెండు రోజుల్లో అన్నీ దొరికేవి" అన్నారు రెండో తరగతి టీచర్. వానాకాలం కదండీ, అన్నాను. వానకీ టోపీ పోవడానికీ సంబంధమేంటో నాకే తెలియదు.

తర్వాతి వారం పంచుకోవడం వారం. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటి నుంచి ఇత్తడి పిడి ఉన్న భూతద్దం తెచ్చారు. వాళ్ళ నాన్నగారిదట. ఆయన పోస్టాఫీసులో చేసేవారట, తడిసి చెరిగిపోయిన చిరునామాలు ఆ అద్దంతోనే చదివి ఉత్తరాలు చేరవేసేవారట. "నాకున్న వాటిలో నాకు బాగా ఇష్టమైంది ఇదే. ఈ వారం ఇది అందరిదీ" అని చెప్పి, వరండాలో చిన్న బల్ల మీద పెట్టారు. పిల్లలు దాంతో చీమల్ని చూశారు, చినుకుల్ని చూశారు, ఒకరి నోట్లో ఇంకొకరు పళ్ళు చూశారు. గుండీ అయితే గంటసేపు తన బొటనవేలే చూసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం గంట కొట్టేసరికి బల్ల మీద అద్దం లేదు.

గురువారం అసెంబ్లీలో హెడ్‌మిస్ట్రెస్ గారి గొంతు మామూలుగానే ఉంది. "తీసినవాళ్ళు తెచ్చి నిజాయితీ అరలో పెట్టేయండి. నేనేమీ అనను." నూట అరవై తలలు ఒక్కసారి ఆ అర వైపు తిరిగాయి. తర్వాత ఒకరినొకరు చూసుకున్నాయి. శుక్రవారం లేదు, శనివారం లేదు. సంచులు వెతికిద్దామా మేడమ్ అని అడిగాను. "వెతికితే ఆ నాలుగు మాటలూ మనమే చెరిపేసుకోవాలి" అన్నారు. సోమవారం ఖాళీ బల్లని ఆవిడే స్వయంగా లోపలికి తీసుకెళ్ళడం చూశాను. ఎందుకో నాకు ఆవిడ ముందుకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మంగళవారం కుండపోత. ఐదో తరగతిలోకి నీళ్ళొచ్చేశాయి. అమ్మ అక్కడ తోడి పోస్తోంది. ఇంకో చీపురు కోసం డ్రిల్లు మాస్టారు మలుపు వైపు పరిగెత్తారు, వెనకే హెడ్‌మిస్ట్రెస్ గారు, వెనకే నేను. ఇదివరకు అర ఉన్న చోట గోడకి మేకు, మేకుకి అమ్మ గుడ్డ సంచి మూతి తెరుచుకుని వేలాడుతోంది. మాస్టారి భుజం తగిలి సంచి కింద పడింది. టిఫిను డబ్బా దొర్లింది. దాని వెనకే ఇత్తడి పిడి భూతద్దం.

మాస్టారు వంగి అద్దం తీసి, చొక్కాకి తుడిచి, ఎవరికివ్వాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నారు. "నేను చీపురు కోసం వచ్చానండీ" అన్నారు, తప్పు చేసినవాడిలా.

ఆఫీసు గదిలో అమ్మ తడి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అలాగే నిలబడింది.

"ఇది నీ సంచిలోకి ఎలా వచ్చింది ఆయమ్మా?"

"వచ్చింది మేడమ్."

"నువ్వు పెట్టావా?"

"లేదు మేడమ్. మధ్యాహ్నం చూసుకున్నాను, ఉంది. రేపు పొద్దున్నే మీ బల్ల తుడిచేటప్పుడు అక్కడ పెట్టేద్దామనుకున్నాను."

"మరి ఎవరు పెట్టారు?"

"చూడలేదు మేడమ్."

"ఎవరనైనా అనుకుంటున్నావా?"

"అనుకోను మేడమ్."

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడు, ఇది నాది కాబట్టి పోనీ అనుకోగలను. రేపు ఏ పిల్లదో పోతే తల్లిదండ్రులకి నేనేం చెప్పను? ముగ్గురం కళ్ళారా చూశాం. పేరు చెప్పు, నేను ఆ పిల్లని ఒక్క మాట కూడా అనను. చెప్పకపోతే పై ఆఫీసుకి రాయక తప్పదు. రాస్తే నిన్ను పనిలోంచి ఆపేస్తారు. రేపు నాలుగింటి టపా దాకా చూస్తాను."

అమ్మ తల ఊపింది. సరేనని కాదు, విన్నానని.

హెడ్‌మిస్ట్రెస్ గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారు టీచర్?"

నేనేమనాలి? మా అమ్మ అలాంటిది కాదండీ అనాలి. ఎవరైనా అదే అంటారు. కానీ అద్దం సంచిలోంచి దొర్లడం నేను చూశాను, చెప్పమంటే అమ్మ చెప్పట్లేదు, నాలుగు కొమ్మల మీద మొదటి మాట నేనే రాశాను. "నాకు తెలీదు మేడమ్" అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. "నీళ్ళు తోడాలి మేడమ్, వెళ్తాను" అని వెళ్ళిపోయింది. వరండా పొడుగునా ఠంగ్, ఠంగ్.

సాయంత్రం ఇంట్లో మిషను చప్పుడు, వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ తల తుడుచుకుంటోంది. నేను ఆగలేకపోయాను.

"తీశావా అమ్మా?"

మిషను ఆగిపోయింది. నాన్న చక్రం మీద చెయ్యి అలాగే ఉంది. "ఏం మాటే అది అమ్మడూ?" అన్నారు.

"అడగనివ్వండి. టీచరు కదా, అడగాలి" అంది అమ్మ. కోపం లేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. "తీయలేదే."

"మరి ఎవరో చెప్పొచ్చు కదా! నీ ఉద్యోగం పోతోంది!"

"నిజంగా తెలీదే. తెలుసుకుంటే ఆ అర ఇన్నేళ్ళు నడిచేదే కాదు." తువ్వాలు భుజాన వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. "అందులో పెట్టేవి పారేసుకున్నవి అనుకున్నావా అన్నీ? సగం తీసినవే. పిల్లలన్నాక కన్ను పడుతుంది, చెయ్యి పోతుంది. ఇంటికెళ్ళాక దాంతో ఆడుకోబుద్ధి కాదు. ఇచ్చేయాలని ఉంటుంది, ఇవ్వడానికి మొహం ఉండదు. చీకటి మూల, తెర వెనక పెట్టేసి పరిగెత్తితే అయిపోయింది. ఎవరిదో వాళ్ళకి దొరుకుతుంది. పెట్టినవాళ్ళు మళ్ళీ ఎత్తిన తల దించకుండా తిరుగుతారు. నేను మలుపు తిరిగే ముందు బకెట్టు గట్టిగా కొడతాను, లోపల ఎవరైనా ఉంటే పోతారని."

ఠంగ్. ఇరవై రెండేళ్ళు. ఠంగ్.

"నువ్వు అర ఎత్తుకెళ్ళి వీధిలో పెట్టావు. ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం? వారం రోజులు ఆ అద్దం ఎక్కడ దాచుకుందో, ఎలా తిన్నదో, ఎలా పడుకుందో. ఆ చోట మేకు ఖాళీగా ఉందని నా సంచి తగిలించాను, అందులో పడేసి పోయుంటుంది."

"పిల్ల అన్నావు! అమ్మాయేనా? ప్రశ్నలమ్మా?"

"నాకేం తెలుసే, పిల్లో పిల్లాడో. నోటికొచ్చింది అన్నాను."

"ఇదంతా మేడమ్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రేపటి నుంచి ఆ మలుపు దగ్గర ఎవరో ఒకరు కాపు కాస్తారు. కాయరా?"

నాన్న నెమ్మదిగా మళ్ళీ చక్రం తిప్పారు. అమ్మ లేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "నువ్వూ పెట్టావు ఒకసారి."

"నేనా? నేనేం పెట్టాను? నేనేం తీశాను?"

"లేచి గిన్నెలు కడుగు, నీళ్ళు పట్టి ఉంచాను" అంది.

పొద్దున నేను లేచేసరికి మిషను మీద గోధుమరంగు తెర ఉంది. చిరిగిన అంచు కుట్టి ఉంది, కింద నాలుగు వేళ్ళ కొత్త గుడ్డ అతికి ఉంది. నాన్న ఏమీ ఎరగనట్టు కత్తెరకి నూనె వేస్తున్నారు.

తెర తీసుకుని, గేటు తీసేసరికే బడికి వెళ్ళిపోయాను. అట్ట పీకాను, నోటుబుక్కు దారం తెంపాను. నేనొక్కదాన్నే అర ఈడుస్తుంటే రెండో పక్క తేలికైంది. డ్రిల్లు మాస్టారు. ఎందుకని అడగలేదు, జోకు కూడా వేయలేదు. మలుపు వెనక పెట్టాక తెర తీగకి తొడగడం కూడా ఆయనే చేశారు. వెనక్కి తిరిగితే హెడ్‌మిస్ట్రెస్ గారు, చేతిలో గొడుగు కారుతోంది.

అంతా చెప్పేశాను. ఒక్క ఊపులో, ముందుది వెనక, వెనకది ముందు. బకెట్టు సంగతి, ఆకుల సంగతి, మోకాళ్ళ బురద సంగతి. చివరికి, "నిన్న మీరు అడిగినప్పుడు తెలీదన్నాను మేడమ్. అది అబద్ధం కాదు. కానీ తప్పు" అన్నాను.

ఆవిడ తెర వైపు చూస్తూ నిలబడ్డారు. "మరి తీసినవాళ్ళు ఎవరికీ జవాబు చెప్పకుండా పోతే నిజాయితీ ఎలా నేర్చుకుంటారు?"

"నాకూ అదే అర్థం కావట్లేదు మేడమ్. కానీ ఇరవై రెండేళ్ళు వస్తువులు తిరిగొచ్చాయి. నా అర పెట్టాక రాలేదు."

"అది జవాబు కాదు టీచర్."

"కాదు మేడమ్."

ఆవిడ గొడుగు దులిపి వెళ్ళిపోయారు. పదింటికి రిజిస్టరులో సంతకం పెట్టడానికి వెళ్తే బల్ల మీద కవరు ఉంది. అంటించేసి ఉంది. పై ఆఫీసు చిరునామా, ఆవిడ గుండ్రటి అక్షరాలు. ఆ రోజు నేనేం పాఠం చెప్పానో నాకు తెలియదు. ప్రశ్నలమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదని మాత్రం గుర్తుంది. గుండీ చొక్కాకి రెండో గుండీ కూడా ఉంది, వేరే రంగు దారంతో ఎవరో కుట్టినట్టుంది. ఇద్దరి మొహాల్లోకీ చూడబోయి, తల తిప్పుకున్నాను. పిల్లలు అడిగారు, "టీచర్, ఇవాళ ఆకుల్లేవా?" అని. లేవన్నాను. ఎందుకన్నారు. చెట్టు వానలో తడుస్తోంది కదా, ఆగుదాం అన్నాను.

నాలుగైంది. చివరి గంట కొట్టి అమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తన ఉద్యోగం తీసేసే ఉత్తరం తనే తీసుకెళ్ళి డబ్బాలో వేయాలి. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయాను.

"టపా ఉందా మేడమ్?"

లోపల సొరుగు తీసి మూసిన చప్పుడు.

"ఇవాళ ఏం లేదు ఆయమ్మా."

"సరే మేడమ్" అని అమ్మ బకెట్టు తీసుకుని ఐదో తరగతి వైపు వెళ్ళింది.

పిల్లలందరూ వెళ్ళిపోయారు. నేను కుళాయి దగ్గర చేతుల సుద్ద కడుక్కుంటున్నాను. నా వెనక ఎవరో మెత్తగా నడిచిన చప్పుడు. తల కొంచెం తిప్పాను. నీలం చీర అంచు, మడత చెదరని అంచు, మలుపు తిరిగి లోపలికి వెళ్ళింది. నేను కుళాయి ఇంకా పెద్దగా తిప్పాను. వరండా అవతలి కొసన అమ్మ బకెట్టు మోగింది. ఠంగ్. ఆగింది. మళ్ళీ ఠంగ్, ఈసారి ఎప్పటికంటే గట్టిగా. నీలం అంచు బయటికి వచ్చి, నన్ను దాటి, గేటు వైపు వెళ్ళిపోయింది. నేను చేతులు కడుగుతూనే ఉన్నాను.

అమ్మ మలుపు దగ్గరికి వచ్చింది. నేనూ వెళ్ళాను. తెర పక్కకి తీసింది. పై చెక్క మీద ఎవరివో రెండు పెన్సిళ్ళు, రెండో తరగతి పిల్లాడి టోపీ, అప్పుడే వచ్చేసింది. కింద చెక్క మీద కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చిరునామా చదవడం ఆమెకి వచ్చు, రోజూ వేసే చిరునామాలే. తర్వాత నన్ను చూసింది.

"ఎవరు పెట్టారో చూశావా?"

"లేదమ్మా" అన్నాను. "చూడలేదు."

టీచరుగా చేరాక బడిలో నేను ఆమెని అమ్మా అనడం అదే మొదటిసారి. తన మొహంలో గీత కదిలిందో లేదో చీకట్లో తెలియలేదు. కవరు నాలుగు ముక్కలు చేసి చెత్త డబ్బాలో వేసింది, తెర సరిచేసింది.

"అమ్మా, నేనేం పెట్టానే అప్పుడు? ఎవరిది తీశాను?"

"ఏమోనే. గుర్తులేదు."

"నిజంగా గుర్తులేదా, చెప్పవా?"

"ఆ రెండో బకెట్టు అందుకో ముందు. చీకటి పడుతోంది" అంది.

ఎంత తలబద్దలు కొట్టుకున్నా నాకూ గుర్తు రాలేదు. ఒక రబ్బరా, ఎవరి రిబ్బనైనా, ఏంటి? ఇప్పటికీ ఒక్కోసారి పాఠం మధ్యలో ఆగి ఆలోచిస్తాను. ఆ రోజు మాత్రం బకెట్టు అందుకుని నీళ్ళు పారబోసి వచ్చాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చేతిలోది గోడకి తగిలి ఠంగుమంది. అప్పటికి బడిలో అమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు. అది తగిలిందో, నేనే కొట్టానో, అదీ నాకు తెలియదు.